పిల్లల చిత్తుప్రతి చూడనివ్వండి: పాఠశాలల యాజమాన్యాలకు ఒక ఫిజిక్స్ టీచర్ బహిరంగ లేఖ

పాఠశాలల యాజమాన్యాలకు, ప్రధానోపాధ్యాయులకు, తరగతి గదిలో ఏ ఆన్‌లైన్ టూల్ వాడాలో, దాన్నుంచి ఏ లెక్కలు అడగాలో నిర్ణయించే పెద్దలందరికీ,

నమస్కారం.

నేను హైస్కూలు పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. గూగుల్ డాక్స్, షీట్స్, ఫారాలు, క్లాస్‌రూమ్ (పిల్లలకు పని ఇచ్చి, తిరిగి తీసుకునే ఆన్‌లైన్ చోటు), క్యాలెండర్ నాకు బోర్డు, సుద్దముక్కలాగే రోజూ చేతిలో ఉండే పనిముట్లు. వాటిని తీసేయమని ఈ ఉత్తరం రాయడం లేదు. అవి క్లాసులో ఉండాలని గట్టిగా కోరుకునేవాళ్లలో నేనూ ఉన్నాను. నా బాధంతా వాటితో మీరు మా చేత చేయిస్తున్న పని గురించే.

వారం తిరిగేసరికి మా దగ్గర్నుంచి ఒక రిపోర్టు వెళ్లాలి. ఎన్ని అసైన్‌మెంట్లు పోస్ట్ చేశారు, ఎంతమంది సబ్మిట్ చేశారు, ఎన్ని వీడియో లింకులు పెట్టారు, ఎన్నిసార్లు లాగిన్ అయ్యారు. అంకె తగ్గిన టీచర్‌కి ఆఫీసు రూము నుంచి పిలుపు వస్తుంది. వేరే వేరే బడుల్లో పనిచేసే తోటి టీచర్లను కదిపినా ఇదే మాట చెబుతారు. ఈ వారం ఎంతమంది పిల్లలు తమ జవాబు తామే మార్చుకున్నారు, ఎందుకు మార్చుకున్నారు అని అడిగిన రిపోర్టు నేను ఇంతవరకూ చూడలేదు.

నిన్న ఒకలా అనుకున్న పిల్ల, ఇవాళ కారణం తెలుసుకుని దాన్ని సరిదిద్దుకుందంటే ఆ పూట చదువు జరిగినట్టు. ఈ టూల్స్ అసలు బలం కూడా సరిగ్గా అక్కడే ఉంది. సగం రాసి ఆపేసిన జవాబు, కొట్టేసిన వాక్యం, తప్పు పడిన లెక్క, మళ్లీ మొదలుపెట్టిన పేరా, ఇవన్నీ ఇదివరకు రఫ్ నోట్సులోనే ఉండిపోయేవి. ఫెయిర్ చేసిన కాపీ మాత్రమే మా టేబుల్ మీదికి వచ్చేది. ఇప్పుడు ఆ చిత్తుప్రతి, రాస్తుండగానే, మా కళ్ల ముందు ఉంటోంది. పిల్లల పనిలో మధ్యలో చెయ్యి వేసి సాయం చేసే అవకాశం టీచర్లకు ఇంత సులువుగా ఇంతకుముందు ఎప్పుడూ దొరకలేదు. మీ లెక్కలు మాత్రం పని అప్పజెప్పారా లేదా అన్న దగ్గరే ఆగిపోతున్నాయి. అందుకే మేమూ అక్కడే ఆగిపోతున్నాం.

నేను చెబుతున్నదేమిటో ఒక జవాబు చూపిస్తే తేలిగ్గా అర్థమవుతుంది. తడిబట్టలు ఎలా ఆరతాయో నాలుగైదు వాక్యాల్లో రాయమన్నాను. క్లాస్‌రూమ్‌లో ఒక్కొక్కరికీ విడి కాపీ వెళ్లేలా పెట్టాను కాబట్టి, ఇంకా సబ్మిట్ చేయకముందే ఎవరు ఏం రాస్తున్నారో తెరిచి చూడొచ్చు. ఒక అమ్మాయి ఇలా మొదలుపెట్టింది: "ఎండ వేడికి బట్టల్లోని నీళ్లు మరిగి ఆవిరైపోతాయి." పక్కన ఒక కామెంట్ పెట్టాను: "నీళ్లు మరగాలంటే దాదాపు 100 డిగ్రీల వేడి కావాలి. తీగ మీది చొక్కా అంత వేడెక్కుతుందా? రాత్రి ఆరేసినా తెల్లారేసరికి ఆరుతుంది కదా, అప్పుడు ఎండ ఏది?" ఆ అమ్మాయి "మరిగి" అన్న మాట తీసేసింది. ఇంకేమీ రాయకుండా ఆ రోజుకి ఆపేసింది. మర్నాడు కొత్త వాక్యం వచ్చింది: "గాలి నీళ్లను పీల్చుకుంటుంది." మళ్లీ అడిగాను: "వాన ముసురు పట్టిన రోజున గాలి బాగానే వీస్తున్నా బట్టలు ఆరవెందుకు?" ఈసారి చాలాసేపు తంటాలు పడినట్టుంది. ఒక వాక్యం రాసి, తుడిచి, మళ్లీ రాసింది. చివరికి తేలింది ఇది: "నీటి కణాలన్నీ ఒకే వేగంతో ఉండవు. పైన ఉన్నవాటిలో బాగా వేగం ఉన్నవి గాలిలోకి తప్పించుకుంటాయి. గాలి వాటిని దూరంగా తీసుకుపోతుంది. గాలిలో ముందే ఆవిరి నిండుగా ఉంటే, వెళ్లినన్ని కణాలు మళ్లీ వెనక్కి వచ్చేస్తుంటాయి. అందుకే వానాకాలం తొందరగా ఆరవు."

పాఠ్యపుస్తకంలో ఉన్న వాక్యాలు కావివి. తను కట్టుకున్నవి. వెర్షన్ హిస్టరీ తెరిస్తే ఆ మూడు మెట్లూ, ఏ రోజు ఏ గంటకు ఏ మాట మారిందో సహా, వరసగా కనిపిస్తాయి. ఇదే ప్రశ్న నోట్‌బుక్‌లో ఇచ్చి ఉంటే మొదటి వాక్యం కింద ఎర్ర గీత గీసి, పక్కన సరైన జవాబు రాసేసేదాన్ని. ఆ అమ్మాయి దాన్ని చూసి రాసుకునేది, అంతే. ఆరడానికీ మరగడానికీ తేడా తెలియలేదన్న సంగతి నాకు గానీ తనకు గానీ బోధపడేది కాదు. ఆ తర్వాత ఆమెను అడిగి, పేరు తీసేసి, ఆ మూడు రూపాలూ ప్రొజెక్టర్ మీద వేశాను. రెండో వాక్యం దగ్గరే ఉండిపోయినవాళ్లు క్లాసులో చాలామంది ఉన్నారని అప్పుడు తెలిసింది.

గూగుల్ డాక్స్ పుట్టుకే ఇలాంటి పని కోసం. రైట్లీ అనే ఆన్‌లైన్ టూల్‌ని గూగుల్ 2006లో కొనుక్కుంది, దాన్నుంచే డాక్స్ వచ్చింది. ఒకే కాగితం మీద నలుగురు కూర్చుని రాసుకోవడం, దిద్దుకోవడం దాని మూల ఉద్దేశం. 2014లో వచ్చిన క్లాస్‌రూమ్‌లో కూడా ఆ ఆలోచన ఉంది. విద్యార్థి "టర్న్ ఇన్" నొక్కగానే, తనే దాన్ని వెనక్కి తీసుకుంటే తప్ప, ఆ డాక్యుమెంట్‌లో తను మార్పులు చేయడానికి వీలుండదు. టీచర్ "రిటర్న్" చేస్తే మళ్లీ చేతికొస్తుంది. అంటే అప్పజెప్పడం సగం పని, తిరిగివ్వడం మిగతా సగం. మీ డ్యాష్‌బోర్డులు మొదటి సగాన్నే లెక్కపెడుతున్నాయి. రిటర్న్ చేసిన పని మళ్లీ దిద్దుకుని వచ్చిందా అన్నది ఎవరికీ పట్టడం లేదు.

తిరిగివ్వడానికి టైమ్ కావాలి. ఒక టీచర్‌కి 5 సెక్షన్లు, సెక్షన్‌కి 40 మంది అనుకోండి. ఒక్కో జవాబు చదివి ఒక మంచి ప్రశ్న రాయడానికి 2 నిమిషాలే పడుతుందనుకుందాం. 400 నిమిషాలు. ఆరున్నర గంటలు దాటిపోయింది, అదీ ఒక్క అసైన్‌మెంట్‌కి, ఒక్క విడతకి. వారానికి మూడు అసైన్‌మెంట్లు పెట్టి తీరాలని మీరు సర్క్యులర్ పంపితే టీచర్ ఏం చేస్తారు? "గుడ్", "కీప్ ఇట్ అప్" అని అందరికీ ఒకే కామెంట్ అతికిస్తారు. పిల్లలకు అది తెలుసు. కామెంట్ తెరిచి చూడటం మానేస్తారు. ఈ పరిస్థితికి టీచర్ల బద్ధకం కారణమని అనుకుంటే పొరపాటు. రెండు వారాలకు ఒకే అసైన్‌మెంట్ పెట్టి, దాన్నే రెండుసార్లు తిరిగిచ్చే స్వేచ్ఛ ఇచ్చి చూడండి, ఇవే చేతులు ఎంత బాగా దిద్దుతాయో.

మార్కుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అసైన్‌మెంట్ పెట్టగానే దానికి 100 పాయింట్లు తగిలించడం అలవాటైపోయింది. మార్కులు వేయకుండా పెట్టే వీలు క్లాస్‌రూమ్‌లో ఉన్నా, సగటు తీసి పేరెంట్స్‌కి పంపాలి కాబట్టి అంకె ఉండాల్సిందేనంటారు. రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు 1988లో ప్రచురించిన ఒక ప్రయోగం టీచర్ ట్రైనింగుల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. కొందరు పిల్లలకు మార్కులు మాత్రమే ఇచ్చారు, కొందరికి వ్యాఖ్యలు మాత్రమే, ఇంకొందరికి రెండూ. వ్యాఖ్యలు మాత్రమే అందుకున్న పిల్లల్లో పని మెరుగుపడింది, ఆసక్తి నిలిచింది. రెండూ అందుకున్నవాళ్లలో ఆ మేలు కనిపించలేదు. క్లాసులో నేను కళ్లారా చూసేదీ అదే. పక్కన 7/10 అని ఉంటే పిల్లల చూపు అక్కడికే పోతుంది, పక్కవాడికెంత అని తల తిరుగుతుంది, కింద రాసిన ప్రశ్న చదివే ఓపిక ఉండదు. చిత్తుప్రతి నడుస్తున్నన్నాళ్లూ మార్కు వేయకుండా ఉండనివ్వండి. చివరి రూపానికి వేస్తాం.

ఒక్కొక్కరి రాతతోనే ఆగిపోనవసరం లేదు. క్లాసంతా కలిసి తప్పు పట్టుకోవడానికి స్ప్రెడ్‌షీట్‌ని మించింది నాకు దొరకలేదు. లోలకం ప్రయోగం అందరికీ తెలిసిందే: దారానికి గుండు కట్టి ఊపి, 10 డోలనాలకు పట్టిన సమయం కొలవాలి. ఇదివరకు ప్రతి గుంపూ తన రికార్డులో తన అంకెలు రాసుకుని సంతకం పెట్టించుకునేది. ఇప్పుడు అన్ని గుంపులూ ఒకే షీట్‌లో, ఒక్కో వరసలో నింపుతాయి. పక్కనే గ్రాఫ్ దానంతటదే గీసుకుంటూ పోతుంది. ఒకసారి 25 సెంటీమీటర్ల గుంపుకి 10 సెకన్లు, 100 సెంటీమీటర్ల గుంపుకి 20 సెకన్లు వచ్చాయి. 50 సెంటీమీటర్ల గుంపు 7 సెకన్లు అని రాసింది. గ్రాఫులో ఆ చుక్క అన్నిటికంటే కిందికి జారిపోయి ఉంది.

నేను నోరు తెరవలేదు. వెనక బెంచీ కుర్రాడొకడు, "25కే 10 పడితే 50కి 7 ఎలా పడుతుంది?" అన్నాడు. స్టాప్‌వాచ్ పాడైందని ఒకరు, దారం కొలత తప్పని ఇంకొకరు. చివరికి ఆ గుంపుని అందరి ముందు మళ్లీ చేసి చూపించమన్నారు. గుండు అటు వెళ్లడం ఒకటి, ఇటు రావడం రెండు అని వాళ్లు లెక్కపెడుతున్నారు. వెళ్లి రావడం కలిపితేనే ఒక డోలనం. అది తేలగానే అంకె 14 అయింది, చుక్క వచ్చి వంపులో కూర్చుంది. ఆపైన షీట్‌లో ఇంకో కాలమ్ వేసి, ఒక డోలనానికి పట్టిన సమయాన్ని వర్గం చేయమన్నాను. 25కి 1, 50కి 2, 100కి 4. పొడవు పెరిగినంతా ఆ అంకె పెరుగుతోందని పిల్లలే అన్నారు. సూత్రం బోర్డు మీద రాయకముందే వాళ్ల చేతికి చిక్కింది. తప్పు చేసిన గుంపు చిన్నబుచ్చుకోలేదు, ఎందుకంటే ఆ రోజు పాఠమంతా వాళ్ల చుక్క చుట్టూనే నడిచింది. మీ రిపోర్టులో మాత్రం ఈ క్లాసు "అప్‌లోడ్స్: 1" అని పడింది.

ఫారాల గురించి కూడా ఒక మాట. క్విజ్ పెట్టి మార్కులు వేయడం వాటి చిన్న ఉపయోగం. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1990ల నుంచి ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఒకటుంది. ఆలోచింపజేసే ఒక ప్రశ్న అడగాలి, ఎవరికి వారు జవాబు ఎంచుకోవాలి, తర్వాత పక్కవాళ్లతో వాదించుకోవాలి, మళ్లీ ఎంచుకోవాలి, ఆ తర్వాతే టీచర్ వివరించాలి. గదిలో రాత్రంతా పక్కపక్కనే ఉన్న ఇనపకడ్డీ, చెక్కముక్కల్లో దేని ఉష్ణోగ్రత తక్కువ అని అడిగితే చాలామంది ఇనుముదే అంటారు. ముట్టుకుంటే చల్లగా ఉంటుంది కదా మరి. పేర్లు కనపడకుండా ఫారంలోని చార్టు తెర మీద పెడితే, తప్పు చెప్పినవాళ్లకు సిగ్గు ఉండదు, వాదనకు ఊపు వస్తుంది. అప్పుడు థర్మామీటర్ తీస్తే రెండిటికీ ఒకటే ఉష్ణోగ్రత. ఇనుము మన చేతి వేడిని త్వరగా లాగేస్తుంది కాబట్టే చల్లగా తోస్తుంది. ఈ పని చేతులెత్తించి కూడా చేయొచ్చు గానీ, చేతులెత్తమంటే క్లాసు ఫస్ట్ ఎటు ఎత్తాడో చూసి మిగతావాళ్లు ఎత్తుతారు.

కాగితం మీద బాగా జరిగే పనిని మాత్రం కాగితం మీదే ఉండనివ్వండి. కిరణ చిత్రాలు, సర్క్యూట్లు, సూత్రాల నిరూపణలు పెన్నుతో గీస్తేనే పిల్లలకు పట్టుబడతాయి. వాటిని నోట్‌బుక్‌లో చేయించి, ఫోటో తీయించి, పీడీఎఫ్ చేయించి అప్‌లోడ్ చేయమనడం నేను చూసినవాటిలో అతి దండగమారి పని. పిల్లలకు అరగంట పోతుంది, వంకరగా పడిన ఫోటోలను పెద్దవి చేసి చూడలేక టీచర్ కళ్లు పోతాయి. ఆ నోట్‌బుక్కులు మర్నాడు టేబుల్ మీదికి ఎలాగూ వస్తాయి.

గడువుల సంగతి చెప్పకపోతే పిల్లలకు అన్యాయం చేసినట్టే. క్లాస్‌రూమ్‌లో తేదీ ఇచ్చి టైమ్ ఇవ్వకపోతే, గడువు రాత్రి 11:59 అని దానంతటదే పడుతుంది. ఏ టీచరూ, ఏ హెడ్మాస్టరూ కూర్చుని ఆలోచించి పెట్టిన టైమ్ కాదది. సాఫ్ట్‌వేర్‌లో ముందే ఉన్న అంకె. అయినా అదే ఇప్పుడు పిల్లల నిద్రవేళను నిర్ణయిస్తోంది. 11:40కి వచ్చిన పనిలో ఆలోచన ఉండదు, టెన్షన్ ఉంటుంది. సాయంత్రం 6 గంటల తర్వాత ఏ గడువూ పడకూడదని ఒక్క లైను నియమం పెట్టండి. అన్ని సబ్జెక్టుల టీచర్లూ ఒకే షేర్డ్ క్యాలెండర్‌లో గడువులు వేస్తే, ఒకే రోజున నాలుగు ప్రాజెక్టులు పడటం కూడా ఆగుతుంది. ఆ క్యాలెండర్ పిల్లలకు కనిపించేలా పెట్టి, పెద్ద ప్రాజెక్టుని చిన్న చిన్న పనులుగా విడగొట్టి తామే తేదీలు వేసుకోవడం నేర్పితే, ప్రొడక్టివిటీ టూల్ అన్న పేరుకి న్యాయం జరుగుతుంది. రాత్రి తొమ్మిదికి టీచర్లకూ పేరెంట్స్‌కీ వెళ్లే నోటిఫికేషన్లకు కూడా ఇదే నియమం వర్తింపజేయండి.

ఎవరో డెమో ఇవ్వగానే కొత్త యాప్ కొనకండి. ఒక సబ్జెక్టుకి ప్యాడ్‌లెట్, ఇంకోదానికి కహూట్, మరోదానికి ట్రెల్లో, ప్రాజెక్టులకు ఇంకేదో. ఒక్కోటీ మంచిదే కావొచ్చు. పిల్లలకు మాత్రం ప్రతిదానికీ ఒక లాగిన్, ఒక పాస్‌వర్డ్, నేర్చుకోవడానికి ఒక కొత్త తెర. పీరియడ్ 40 నిమిషాలైతే పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్ల కోసం పది నిమిషాలు పోతాయి. పైగా ఈ కంపెనీల ఆయుష్షు మన చేతిలో లేదు. లక్షలాది మంది టీచర్లు వాడిన ఎడ్‌మోడో అనే ఆన్‌లైన్ తరగతి వేదిక 2022లో మూతపడింది. గూగుల్ వాళ్ల ఆన్‌లైన్ బోర్డు, జామ్‌బోర్డు, 2024తో ముగిసింది. పిల్లల వీడియో జవాబుల కోసం టీచర్లు ఎంతో ఇష్టపడిన ఫ్లిప్‌ని విడి యాప్‌గా నడపడం మైక్రోసాఫ్ట్ అదే ఏడాది ఆపేసింది. అంతకుముందు స్కూళ్లకు అపరిమితంగా ఇస్తామన్న స్టోరేజీని, 2022 నుంచి ఒక్కో సంస్థకు మొత్తం 100 టెరాబైట్లు అని గూగుల్ కట్టడి చేసింది. కాబట్టి రాయడానికి ఒకటి, లెక్కలకు ఒకటి, ప్రశ్నలకు ఒకటి చాలు. ఏది తీసుకున్నా, పిల్లల పనినంతా పీడీఎఫ్, సీఎస్‌వీ (పట్టికల్ని దాచే ఫైలు) లాంటి మామూలు ఫైళ్లుగా బయటికి తీసుకునే దారి ఉందో లేదో ముందే చూసుకోండి. సొంతంగా సర్వర్ నడుపుకోగల సంస్థలకు 2002 నుంచి ఉన్న మూడిల్ లాంటి ఓపెన్ సోర్స్ దారీ, అంటే ఎవరైనా ఉచితంగా తీసుకుని నడుపుకోగల సాఫ్ట్‌వేర్, ఉంది. దానికి మనిషి కావాలి, పని తెలిసిన మనిషి కావాలి, ఆ జీతం ఇవ్వలేనప్పుడు దాని జోలికి పోకపోవడమే మంచిది.

పిల్లల చిత్తుప్రతి చూసే హక్కు టీచర్‌కి ఉండాలంటే, అది ఇంకెవరి కంటా పడకూడదు. హ్యూమన్ రైట్స్ వాచ్ అనే మానవ హక్కుల సంస్థ 2022లో 49 దేశాల్లోని ఆన్‌లైన్ చదువుల టూల్స్‌ని పరిశీలించి, వాటిలో 89 శాతం టూల్స్ పిల్లల హక్కులకు ముప్పు తెచ్చే రీతిలో డేటా వాడుతున్నట్టు కనిపించిందని చెప్పింది. అదే ఏడాది డెన్మార్క్‌లో హెల్సింగోర్ మున్సిపాలిటీ బడుల్లో గూగుల్ వర్క్‌స్పేస్ (డాక్స్, క్లాస్‌రూమ్ లాంటివన్నీ కలిసిన మూట) వాడకాన్ని ఆ దేశ డేటా రక్షణ సంస్థ నిషేధించింది. పిల్లల సమాచారానికి ఉన్న ప్రమాదాన్ని ముందుగా సరిగ్గా అంచనా వేయలేదన్నది దాని అభ్యంతరాల్లో ఒకటి. తర్వాత ఆ నిషేధాన్ని పక్కన పెట్టి లోపాలు సరిదిద్దుకోవడానికి గడువిచ్చింది గానీ, ప్రశ్న మాత్రం ఏ దేశానికైనా వర్తిస్తుంది. మన దగ్గర తల్లి ఈమెయిల్‌తో, తండ్రి ఫోన్ నంబర్‌తో పిల్లల చేత కొత్త కొత్త యాప్‌లలో ఖాతాలు తెరిపిస్తున్నాం. బడి ఇచ్చిన ఖాతా తప్ప వేరేది వాడకూడదని చెప్పండి. లింకు దొరికిన ప్రతివారూ మార్చగలిగేలా డాక్యుమెంట్లు పెట్టొద్దని టీచర్లందరికీ ఒక గంట శిక్షణ ఇవ్వండి. మార్కుల షీట్‌ని గ్రూపులో షేర్ చేయడం మానిపించండి, అది ఏ పిల్లనైనా బాధపెడుతుంది.

ఇంట్లో ఒకే ఫోను ఉండి, అది పెద్దవాళ్లు పని నుంచి వచ్చాకే దొరికే పిల్లలు ప్రతి క్లాసులోనూ ఉంటారు. ఆన్‌లైన్ పనంతా ఇంటికి తోసేస్తే వాళ్లు ప్రతిసారీ ఆలస్యంగా వచ్చినవాళ్ల జాబితాలో పడతారు. నేను చెప్పిన తడిబట్టల జవాబు, లోలకం షీట్, ఫారం, ఇవన్నీ బడిలోనే, బడి కంప్యూటర్ల మీదే మొదలవ్వాలి. ఇద్దరికి ఒక కంప్యూటర్ దొరికినా చాలు, కొన్ని పనులకు అదే మేలు, ఒకరు రాస్తుంటే ఇంకొకరు అభ్యంతరం చెబుతారు. కంప్యూటర్ ల్యాబ్ తాళం కంప్యూటర్ టీచర్ దగ్గరే ఉండిపోకుండా, ఇతర సబ్జెక్టులకు కూడా వారంలో కొన్ని పీరియడ్లు రాసివ్వండి.

ఇంకొక భయం ఉంది నాకు. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక, జవాబు పిల్లలు రాశారా, యంత్రం రాసిందా తేల్చడానికి వెర్షన్ హిస్టరీ చూడమని కొన్నిచోట్ల ఆదేశాలు వస్తున్నాయి. ఒక్కసారిగా పెద్ద పేరా వచ్చి పడితే దొంగతనం అనేస్తున్నారు. కాగితం మీద రాసుకుని, ఫోను దొరికాక గబగబా ఎక్కించిన పిల్ల కూడా అలాగే కనిపిస్తుంది. నోట్స్ యాప్‌లో రాసి అతికించినవాడూ అంతే. తన ప్రతి తడబాటునీ నేరం పట్టడానికి చూస్తున్నారని తెలిసిన రోజున, ఏ పిల్లా మన ముందు తడబడదు. ముందే ఎక్కడో ఫెయిర్ చేసుకుని తెచ్చి పెడుతుంది. అప్పుడు ఈ టూల్స్ మనకిచ్చిన ఒకే ఒక్క గొప్ప అవకాశం పోతుంది. అనుమానం వస్తే పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, "ఈ వాక్యం నాకు విడమరిచి చెప్పు" అని అడగడం చాలు. రాసింది తనే అయితే చెబుతుంది. కాకపోయినా, ఆ కూర్చోబెట్టుకున్న ఐదు నిమిషాల్లో కొంత నేర్చుకుంటుంది.

యునెస్కో 2023 ప్రపంచ విద్యా నివేదిక టెక్నాలజీ మీదే వచ్చింది. టీచర్‌తో ముఖాముఖి చదువుకి టెక్నాలజీ తోడుగా ఉండాలే గానీ దాని స్థానంలోకి రాకూడదని అందులో గట్టిగానే చెప్పారు. మీలో చాలామంది మీటింగుల్లో ఇదే మాట అంటారు, మనస్ఫూర్తిగానే అంటారని నా నమ్మకం. ఆ మాట నిలబడాలంటే అది టైమ్‌టేబుల్‌లో కనిపించాలి.

కొత్త విద్యాసంవత్సరానికి టైమ్‌టేబుల్ వేసేటప్పుడు, ప్రతి టీచర్‌కీ వారానికి రెండు పీరియడ్లు పిల్లల చిత్తుప్రతులు చదివి జవాబివ్వడానికని పేరు పెట్టి రాయండి. మామూలు ఖాళీ పీరియడ్ అని రాయకండి, దాని గతి ఏమవుతుందో మనందరికీ తెలుసు. ఆ రెండు పీరియడ్లకు చోటు దొరికేలా, వారానికి ఇన్ని పోస్టులు పెట్టాలన్న నియమం ఎత్తేయండి. మూడు నెలలు పోయాక ఏ క్లాసు నుంచైనా, మీకు నచ్చిన ఐదుగురు పిల్లల పేర్లు మీరే ఎంచుకుని, వాళ్ల డాక్యుమెంట్లలో మొదటి రూపం, చివరి రూపం పక్కపక్కన పెట్టి చదవండి. సబ్జెక్టు రాకపోయినా ఫర్వాలేదు, తేడా తెలుస్తుంది. తేడా లేకపోతే మమ్మల్ని నిలదీయండి, జవాబు చెబుతాం. ఒక్క విన్నపం, ఎవరైనా టీచర్ సెలవు పెట్టిన రోజున ఆ రెండు పీరియడ్లలో మాత్రం సబ్‌స్టిట్యూషన్ వేయకండి.

ఇట్లు,
ఒక ఫిజిక్స్ టీచర్